గుణకారాన్ని కూడికగా మార్చే విద్య

అసలు తాళంచెవిని కంటితో చూడకుండానే చాబీవాలా కొత్త చెవి ఎలా కోయగలుగుతాడు? తలుపు చెవి పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, జున్వానీ రోడ్డు వైపు స్మృతి నగర్ అనే కాలనీ ఉంది. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారం చుట్టూ పెరిగిన ఊళ్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. అలాంటి ఒక ఇంట్లో మధ్యాహ్నం పూట గాలికి తలుపు దభీమని పడిందనుకుందాం. నైట్‌లాచ్ దానంతట అదే బిగుసుకుపోయింది. చెవి లోపల ఫ్రిజ్ మీద ఉంది. సుపేలా బజారు నుంచి చాబీవాలాను పిలిపించారు. అతను సంచిలోంచి పళ్లు చెక్కని బోడి చెవి ఒకటి తీసి తాళంలో దూర్చాడు. అటూ ఇటూ మెలితిప్పి, బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూశాడు. ఆకురాయితో రెండు మూడు చోట్ల రాశాడు. మళ్లీ దూర్చాడు. ఇలా కొన్నిసార్లు అయ్యాక తలుపు తెరుచుకుంది.

ఆ ఇంటి కుర్రాడు మాత్రం పెదవి విరిచాడు. యూట్యూబ్‌లో ‘లాక్‌పికింగ్‌లాయర్’ ఛానల్ చూసేవాడికి ఇది నత్తనడకే మరి. అక్కడ రెండు సన్నని కమ్మీలతో తాళాలు సెకన్లలో ఊడిపోతాయి. ఇంతకీ ఎవరి చెయ్యి గొప్ప? త్వరగా తెరిచినవాడిదా, చెవి చేసి ఇచ్చినవాడిదా? దీనికి జవాబు చెప్పాలంటే ముందు తాళం లోపలికి తొంగిచూడాలి.

తాళం లోపల ఏముంది?

ఇళ్ల తలుపులకు విరివిగా కనిపించేది పిన్ తాళం. దీని పూర్వరూపం ప్రాచీన ఈజిప్టులో చెక్కతో చేసిన తాళం. అమెరికాలో లైనస్ యేల్ 1848లో దీన్ని లోహంలోకి తెచ్చి పేటెంటు తీసుకున్నాడు. అదే పేరున్న ఆయన కొడుకు 1861, 1865 పేటెంట్లతో దాన్ని ఇప్పుడు మన జేబుల్లో ఉండే చదును చెవికి సరిపోయేలా మలిచాడు.

తాళానికి బయట కదలని పెంకు ఉంటుంది. దాని మధ్యలో తిరిగే లోదిమ్మ ఉంటుంది. చెవి దూరేది ఈ లోదిమ్మలోకే. పెంకునూ లోదిమ్మనూ కలుపుతూ పైనుంచి కిందికి వరసగా అయిదు సన్నని రంధ్రాలు తొలిచి ఉంటాయి. ఒక్కో రంధ్రంలో ఒకదాని మీద ఒకటిగా రెండు శీలలు, వాటి నెత్తిన ఒక స్ప్రింగు. కింది శీల చెవికి తగులుతుంది కాబట్టి దాన్ని చెవిశీల అందాం, పైదాన్ని అడ్డుశీల అందాం. చెవి లేనప్పుడు స్ప్రింగు నెట్టడం వల్ల అడ్డుశీల కిందికి దిగి, సగం పెంకులో, సగం లోదిమ్మలో ఇరుక్కుని ఉంటుంది. అందుకే లోదిమ్మ తిరగదు.

సరైన చెవి దూర్చగానే దాని ఎత్తుపల్లాలు అయిదు జతలనూ తగినంత మేర ఎత్తుతాయి. చెవిశీల, అడ్డుశీల కలిసే చోటు ప్రతి జతలోనూ పెంకుకూ లోదిమ్మకూ మధ్య ఉన్న సరిహద్దుకు వచ్చి ఆగుతుంది. ఇంగ్లీషులో షియర్ లైన్ అనే ఈ సరిహద్దును విడిగీత అందాం. అయిదు జతలూ విడిగీత దగ్గర చీలితే ఇక అడ్డు ఏమీ ఉండదు. లోదిమ్మ తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క. ఒక్కో శీలకు పది రకాల ఎత్తులు ఉండొచ్చనుకుంటే, అయిదు శీలలకు పదిని అయిదుసార్లు హెచ్చవేయాలి. లక్ష రకాల చెవులు. నిమిషానికి పది చెవుల చొప్పున రాత్రింబగళ్లు ప్రయత్నించినా అన్నీ అయ్యేసరికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. తాళం బలమంతా ఈ గుణకారంలో ఉంది. అయిదూ ఒకేసారి సరిపోవాలి. నాలుగు సరిపోయి ఒకటి తప్పినా, అయిదూ తప్పినా, బయటివాడికి తెలిసేది ఒక్కటే: తాళం రాలేదు.

కనీసం కాగితం మీద లెక్క అలా ఉంటుంది.

వంకర వరసలో దొరికే దారి

కర్మాగారంలో ఫిట్టర్‌గానో మెషినిస్టుగానో పనిచేసి రిటైరైన వారికి టాలరెన్స్ అనే మాట కొత్త కాదు. ఏ వస్తువునూ గీసిన కొలతకు సరిగ్గా చేయలేరు. ఇంత తేడా ఉన్నా ఫరవాలేదని ముందే ఒక హద్దు పెట్టుకుంటారు. వర్క్‌షాపు భాషలో ‘థౌ’ అంటే అంగుళంలో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు మూడు థౌలు. తాళంలో ఒక ఎత్తుకూ పక్క ఎత్తుకూ మధ్య దూరం, ఉదాహరణకు అమెరికన్ ష్లేగ్ తాళాల్లో, 15 థౌలు, అంటే 0.38 మిల్లీమీటరు. రంధ్రాలు ఎంత జాగ్రత్తగా తొలిచినా అయిదూ ఒకే సరళరేఖ మీద పడవు. ఒకటి వెంట్రుకవాసి ఇటు, ఇంకొకటి అటు.

ఆ కాస్త తేడా ఏం చేస్తుందో తెలియాలంటే ఊరేగింపులో స్వామివారి పల్లకీని చూడాలి. ఒకే దండె కింద అయిదుగురు వరసగా నిలబడ్డారనుకుందాం. అందరూ దాదాపు ఒకే ఎత్తు, కానీ సరిగ్గా ఒకే ఎత్తు కాదు. దండె మొదట ఆనేది అందరికంటే పొడగరి భుజం మీదే. మిగతా నలుగురూ మోస్తున్నట్టు కనిపిస్తారు గానీ వాళ్ల భుజానికీ దండెకూ మధ్య సన్నని సందు ఉంటుంది. పొడగరి మోకాళ్లు కొద్దిగా వంచితే దండె వెంట్రుకవాసి దిగి, బరువు రెండో పొడగరి మీదికి మారుతుంది. అతనూ వంగితే మూడోవాడి మీదికి. బరువు మోస్తున్నది ఎవరో కళ్లతో చెప్పలేకపోయినా, ఒక్కొక్కరి భుజం తట్టి చూస్తే బిగిసి ఉన్నవాడెవడో తెలిసిపోతుంది.

తాళంలో జరిగేదీ ఇదే. చెవి దూరే సందులో ఒక వంచిన కమ్మీ పెట్టి లోదిమ్మను సుతారంగా తిప్పే ప్రయత్నం చేస్తే, ఆ ఒత్తిడి అయిదు శీలల మీదా సమానంగా పడదు. వరసలో అన్నిటికంటే పక్కకు జరిగి ఉన్న శీల ఒక్కటే బిగుసుకుంటుంది. మిగతా నాలుగూ స్ప్రింగు మీద వదులుగా ఆడుతూ ఉంటాయి. బిగిసిన శీలను ఎత్తుతూ పోతే దాని చీలిక విడిగీతకు చేరిన క్షణాన లోదిమ్మ వెంట్రుకవాసి తిరుగుతుంది. అడ్డుశీల ఆ అంచు మీద నిలిచిపోతుంది, కిందికి దిగదు. బరువు రెండో శీల మీదికి మారుతుంది.

అంటే తాళం చెప్పకూడని రహస్యం చెప్పేసింది. ఏ శీల సరిపోయిందో విడివిడిగా తెలిసిపోతోంది. బిగిసిన శీల ఏదో వెతకడానికి మొదటిసారి అయిదు చోట్ల తడమాలి, రెండోసారి నాలుగు, ఆపై మూడు, రెండు, ఒకటి. అన్నీ కలిపితే పదిహేను. లక్ష ఎక్కడ, పదిహేను ఎక్కడ! గుణకారం కూడిక అయిపోయింది. చెవి లేకుండా తాళం తీసే పద్ధతులను పోల్చాలంటే ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇది కూడిక చేస్తోందా, జూదం ఆడుతోందా?

చేతివేళ్లు చదివే పద్ధతి

పైన చెప్పినట్టు ఒక్కో శీలనూ వెతికి ఎత్తడాన్ని ఇంగ్లీషులో సింగిల్ పిన్ పికింగ్ అంటారు. తాళాలు తీయడాన్ని సరదాగా, ఆటగా సాధన చేసేవాళ్లు ఉన్నారు. ఆ ఆట పేరు లాక్‌స్పోర్ట్. 1997లో జర్మనీలోని హాంబర్గ్‌లో దీనికోసం ఒక సంఘం ఏర్పడింది. నెదర్లాండ్స్‌లో టూల్ అనే సంఘం ఉంది. వీళ్లంతా అసలు విద్యగా గౌరవించేది ఈ పద్ధతినే.

శీలలను ఎత్తే చెయ్యే ముఖ్యమని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి కష్టమంతా ఒత్తిడి పెట్టే చేతిది. గట్టిగా నొక్కితే రెండు మూడు శీలలు ఒకేసారి బిగిసిపోయి, ఏది ముందో తెలియకుండా పోతుంది. మరీ తేలిగ్గా పడితే ఎత్తిన శీల నిలవకుండా జారిపోతుంది.

తయారీదారులూ ఊరుకోలేదు. అడ్డుశీల నడుమును సన్నగా చెక్కి పెట్టారు. ఇలాంటి శీల నడుము విడిగీత దగ్గరికి రాగానే లోదిమ్మ కొంచెం తిరుగుతుంది, పని అయిపోయిందన్న భ్రమ కలుగుతుంది, అక్కడే ఇరుక్కుంటుంది. ముందుకు పోవాలంటే ఒత్తిడి సడలించి లోదిమ్మను కాస్త వెనక్కి పోనివ్వాలి. ఆ సడలింపులో అప్పటికి నిలబెట్టిన శీలలు పడిపోవచ్చు. ఎంత సడలించాలో పుస్తకం చెప్పలేదు, వేళ్లకే తెలియాలి.

కెలుకుడు, దెబ్బ

రెండో పద్ధతి రేకింగ్. తెలుగులో కెలుకుడు అనొచ్చు. అలల్లా ఎత్తుపల్లాలున్న కమ్మీని దూర్చి, ఒత్తిడి పెడుతూ ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. ఏ శీల ఎక్కడుందో వెతకరు. అన్నీ ఎగిరిపడుతుంటే కొన్ని తమంతట తామే నిలుస్తాయన్న ఆశ. టాలరెన్స్ వదులుగా ఉండి, శీలల ఎత్తుల్లో పెద్ద తేడాలు లేని చవక తాళాల మీద ఇది క్షణాల్లో పనిచేస్తుంది. వీడియోల్లో కనిపించే మెరుపు వేగంలో కొంత దీని చలవే. నడుము సన్నని శీలలు, బాగా ఎగుడుదిగుడుగా కోసిన చెవి ఉన్న తాళం దగ్గర మాత్రం కెలుకుడు తరచూ చేతులెత్తేస్తుంది.

మూడోది బంపింగ్. ఇందులో వాడేది ప్రత్యేకంగా కోసిన చెవి, పైనుంచి ఒక చిన్న దెబ్బ. గట్టి లోహపు ముక్క మరో ముక్కను తాకి ఉన్నప్పుడు ఒకవైపు కొడితే, దెబ్బ తిన్నది దాదాపు ఉన్నచోటే ఉండి రెండోది ఎగురుతుంది. చెవిశీలకు తగిలిన దెబ్బ అడ్డుశీలకు చేరి, రెప్పపాటు కాలం రెండింటి మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో విడిగీత ఉంటే లోదిమ్మ తిరుగుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇలాంటి పరికరానికి అమెరికాలో 1928లోనే పేటెంటు ఉంది. 2005లో నెదర్లాండ్స్‌కు చెందిన బారీ వెల్స్, రోప్ గోంగ్రైప్ దీని మీద ఒక పత్రం రాశాక యూరప్‌లో పెద్ద చర్చ జరిగింది. నేర్చుకోవడానికి తక్కువ సమయం పడుతుంది, తాళానికి దెబ్బ తగులుతుంది. అందుకే సరదాగా సాధన చేసేవాళ్లలో దీనికి మర్యాద తక్కువ.

చాబీవాలా చదివిన గుర్తులు

నాలుగో పద్ధతి స్మృతి నగర్ గుమ్మం ముందు జరిగినదే. ఇంగ్లీషులో ఇంప్రెషనింగ్ అంటారు. ఇక్కడ తాళాన్ని కాదు, చెవిని చదువుతారు. బోడి చెవి దూర్చి మెలితిప్పినప్పుడు, విడిగీతకు చేరని శీల బిగుసుకుని మెత్తని ఇత్తడి మీద సూదిమొనంత మచ్చ వదులుతుంది. కొందరు గుర్తు బాగా కనిపించడానికి చెవికి మసి పట్టిస్తారు. మచ్చ పడిన చోట కొద్దిగా రాయాలి. ఆ చోటు సరైన లోతుకు చేరగానే అక్కడి శీల బిగుసుకోవడం మానేస్తుంది, మచ్చ పడదు. మచ్చ కనబడకపోవడమే జవాబు. ఎక్కువ రాస్తే ఆ చెవి పాడైనట్టే, మళ్లీ మొదటికి.

ఇదీ కూడికే. అయిదు స్థానాలు, పది లోతులు అనుకుంటే ఎన్ని మెట్లు రాసినా యాభై దాటవు. కమ్మీలతో తెరిచేదానికంటే మొదటిసారి దీనికి ఎక్కువసేపు పట్టవచ్చు. అయితే పని ముగిశాక చేతిలో చెవి మిగులుతుంది. మర్నాడు అదే తలుపు తీయడానికి ఒక్క సెకను చాలు. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో ఈ పద్ధతికి విడిగా పోటీలు జరుగుతాయి. అక్కడ అభిరుచిగా సాధన చేసేదాన్ని మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చున్న మనిషి పొట్టకూటికి చేస్తున్నాడు.

గడియారం చెప్పనిది

ఇక వేగం కొలత. కెలుకుడులో ఒక్కో విడత ఫలించే అవకాశం ఇరవైలో ఒకటి అని ఊహిద్దాం. సగటున ఇరవై విడతలు చాలాలి. కానీ ఇరవై చేశాక కూడా తాళం రాకపోయే అవకాశం 36 శాతం. అంతకంటే వింత ఏమిటంటే, ఇరవై విఫలమయ్యాక మిగిలిన పని తగ్గదు. ఇంకా సగటున ఇరవై విడతలే పడతాయి. జూదానికి జ్ఞాపకం లేదు. ఒక్కో శీల పద్ధతిలో అలా కాదు. మూడు శీలలు నిలిచాయంటే మిగిలింది రెండే.

అందుకే రెండు పద్ధతుల సమయాలు వేరే తీరులో పరుచుకుంటాయి. కెలుకుడులో రికార్డు సమయం అబ్బురపరుస్తుంది, చెడ్డరోజు మాత్రం అంతులేకుండా సాగుతుంది. శీలశీలా చదివేవాడి మంచిరోజుకూ చెడ్డరోజుకూ మధ్య తేడా సాధనతో తగ్గుతూ వస్తుంది. ఒక్క వీడియో చూసి పోల్చితే కెలుకుడు గెలుస్తుంది. ఇరవై వేర్వేరు తాళాలిచ్చి, మొత్తం ఎన్ని తెరిచారో చూస్తే ఫలితం తిరగబడవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. ఒకసారి తెరిచిన తాళం రెండోసారి చాలా త్వరగా వస్తుంది, ఎందుకంటే శీలలు బిగిసే వరస తెలిసిపోయింది. మళ్లీ పల్లకీ దగ్గరికి వెళ్తే, ఎవరు పొడగరో ముందే తెలిసినట్టు. అందుకే పోటీల్లో అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, గడువు ముగియగానే తాళాలు పక్కవారికి అందిస్తారు. ప్రతి ఒక్కరికీ అవే తాళాలు, అంతే సమయం.

నైపుణ్యాన్ని కొలిచే దారి వేరు. కరాటేలోలా తెలుపు నుంచి నలుపు దాకా రంగుల పట్టీలు ఉన్న వరస ఒకటి ఈ ఆటలో స్థిరపడింది. పట్టీ వచ్చేది ఎంత త్వరగా తెరిచారన్నదాన్ని బట్టి కాదు, ఎంత కఠినమైన తాళం తెరిచారన్నదాన్ని బట్టి. పై మెట్లలో తెరవడంతో సరిపోదు. తాళాన్ని విప్పి, లోపల ఏ శీలలు ఉన్నాయో బయటపెట్టి చూపించాలి.

లండన్‌లో పదహారు రోజులు

చరిత్రలో ప్రసిద్ధమైన తాళం తీత అతి నిదానంగా జరిగినది కావడం ఈ కోణంలో అర్థవంతంగా ఉంటుంది. లండన్‌లో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు తీసుకున్న తాళాన్ని పికడిల్లీ దుకాణం కిటికీలో పెట్టి, చెవి లేకుండా తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని ప్రకటించారు. అరవై ఏళ్ల పాటు ఎవరి వల్లా కాలేదు.

1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్ఫ్రెడ్ హాబ్స్ ముందు ఛబ్ కంపెనీ వారి పేరుమోసిన డిటెక్టర్ తాళాన్ని పాతిక నిమిషాల్లో తెరిచాడు. తర్వాత బ్రామా తాళం పట్టాడు. పదహారు రోజుల వ్యవధిలో సుమారు 51 గంటలు కష్టపడి తెరిచాడు. అందులో పద్దెనిమిది జారుడు పలకలు ఉన్నాయి. హాబ్స్ చేసినది సూత్రంలో కొత్తది కాదు. ఒత్తిడి స్థిరంగా ఉండేలా ఒక పరికరాన్ని బిగించాడు, బిగిసిన పలకను వెతికి సరిచేశాడు, తర్వాత రెండోది. పద్దెనిమిది పలకల గుణకారాన్ని ఓపికతో కూడికగా మార్చాడు. ఆ తాళం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

అంకెల తాళాలదీ ఇదే కథ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో లాస్ ఆలమోస్‌లో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అక్కడి బీరువాల తాళాలతో ఆడుకునేవాడు. వాటికి 0 నుంచి 99 దాకా మూడు అంకెలు తిప్పాలి. అంటే పది లక్షల కలయికలు. చక్రం రెండు అంకెలు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటుందని ఆయన కనిపెట్టాడు. ప్రతి అయిదో అంకె ప్రయత్నిస్తే చాలు. ఒక్కో అంకెకు ఇరవై చొప్పున, ఇరవైని మూడుసార్లు హెచ్చవేస్తే మొత్తం 8,000. బీరువా తెరిచి ఉన్నప్పుడు దాన్ని మాటల మధ్య తడుముతూ చివరి రెండు అంకెలు పట్టేసేవాడు. ఇక మిగిలేవి ఇరవై ప్రయత్నాలు. సహోద్యోగులు అది చేతిమహిమ అనుకున్నారు.

ఏ పనికి ఏ చెయ్యి

కొన్నిసార్లు ఈ పద్ధతులేవీ అక్కర్లేదు. పూరీ జగన్నాథాలయ రత్నభాండారం లోపలి గది చెవులు కనిపించడం లేదని 2018లో బయటపడి ఒడిశాలో దుమారం రేగింది. 2024 జులై 14న దాన్ని తెరవడానికి ఏర్పాటైన కమిటీ లోపలికి వెళ్లినప్పుడు తెచ్చిన చెవులు పనిచేయలేదు. మేజిస్ట్రేట్ సమక్షంలో మూడు తాళాలనూ పగలగొట్టారు. చెవులు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియని తాళాన్ని చెక్కుచెదరకుండా తెరిచి మళ్లీ వాడుకోవడంలో లాభం లేదు. అక్కడ కావలసింది సాక్షుల ముందు, దాపరికం లేకుండా జరిగే పని.

స్మృతి నగర్ గుమ్మంలో లెక్క వేరు. తాళం పాడుకాకూడదు, సాయంత్రానికి మరో చెవీ కావాలి. ఆ రెండూ ఇవ్వగలిగేది ఆకురాయి పద్ధతే. ఫ్రిజ్ మీద ఉన్న చెవి ఒక్కటే చాలనుకుంటే కమ్మీలతో తెరిపించుకుని ఊరుకోవచ్చు.

చట్టానికి మాత్రం పద్ధతితో నిమిత్తం లేదు. శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడనే దొంగ గోడకు కన్నం వేస్తూ, కొలతలకూ బిగిసిన తలుపులు తెరవడానికీ జంధ్యం ఎంత పనికొస్తుందో చెప్పుకుంటాడు. భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ కూడా కన్నం వేయడాన్నీ తాళం తెరవడాన్నీ ఒకే జాబితాలో పెట్టింది. అక్రమంగా ఇంట్లో చొరబడడానికి దారి చేసుకున్నా, తాళం తెరిచినా గృహభేదనమే. అందుకే లాక్‌స్పోర్ట్ సంఘాలన్నిటిలోనూ రెండు నియమాలు వినిపిస్తాయి. సొంత తాళం, లేదా సొంతదారు అనుమతించిన తాళం మాత్రమే ముట్టుకోవాలి. రెండోది, వాడుకలో ఉన్న తాళం సొంతదే అయినా ముట్టుకోకూడదు. లోపల ఒక శీల వంగినా, స్ప్రింగు నలిగినా, అసలు చెవితో కూడా తలుపు తెరుచుకోకపోవచ్చు.

కాబట్టి ఫ్రిజ్ మీద చెవి మరిచిపోయిన ఇంటి కుర్రాడు మొదలుపెట్టాలనుకుంటే, తలుపుకు లేని పాత పిన్ తాళం ఒకటి వెతికి వైస్‌లో బిగించుకోవాలి. చాలామంది దాన్ని విప్పి ఒక్క శీల జతనే ఉంచి సాధన మొదలుపెడతారు. అది పట్టుబడ్డాక రెండోది చేరుస్తారు. ఒక శీలతో ఒక తడుము, రెండింటితో మూడు, మూడింటితో ఆరు, నాలుగింటితో పది. అయిదోది వేసేసరికి లెక్క పదిహేను అవుతుంది. ఆ పదిహేనుకు గంట పట్టిందా, నిమిషం పట్టిందా అన్నది అప్పటి నుంచి గడియారంతో చూసుకోవచ్చు.